గ్యాస్ గీజర్ మారుస్తున్నారా? లీటర్ల కంటే ముందు గోడ చూడండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ దగ్గర్నుంచి ఛార్జింగ్ వాట్స్ దాకా అన్నీ చూస్తాం. ఇంట్లో పది కిలోవాట్ల మంట పెట్టే గ్యాస్ గీజర్‌ని మాత్రం "ఏది చవకైతే అది" అని తెచ్చేస్తాం. చిక్కడపల్లిలో మేం నలుగురం ఉండే అద్దింట్లో పాత గీజర్ లీకై చేతులెత్తేసింది. కొత్తది ఎంచుకోడానికి నేను వేసుకున్న లెక్కలు ఇవి. అశోక్ నగర్ కోచింగ్ రూముల్లో, నారాయణగూడ పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకూ పనికొస్తాయి.

6 లీటర్లు అంటే?

గ్యాస్ గీజర్‌లో నీళ్లు నిలవ ఉండే ట్యాంక్ ఉండదు. బాక్స్ మీద 6 లీటర్లు అని ఉంటే, నిమిషానికి 6 లీటర్ల నీళ్లను సాధారణంగా 25 డిగ్రీల మేర వేడెక్కిస్తుందని అర్థం. దానికి సుమారు 10.5 కిలోవాట్ల వేడి కావాలి. మామూలు ఇన్‌స్టంట్ ఎలక్ట్రిక్ గీజర్ 3 కిలోవాట్లే. అందుకే నలుగురు వరసగా స్నానానికి వెళ్లినా గ్యాస్ గీజర్ ఆయాసపడదు.

పై అంతస్తు వాళ్లు ఇది చదవండి

ట్యాప్ తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి డయాఫ్రమ్ కదులుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, రెండు డి సైజ్ బ్యాటరీలు స్పార్క్ ఇస్తాయి. ఒత్తిడి చాలకపోతే మంటే రాదు. చాలా మోడళ్లకు కనీసం 0.25 బార్ కావాలి. అంటే ట్యాంక్ నీటి మట్టం గీజర్ కంటే రెండున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. డాబా మీద ట్యాంక్, దాని కిందే మీ ఇల్లు అయితే కష్టమే. ఒక చిన్న టెస్ట్: 10 లీటర్ల బకెట్ నిండడానికి నాలుగు నిమిషాలు దాటితే గ్యాస్ గీజర్ జోలికి పోకండి.

అసలు ప్రమాదం

మా పాత గీజర్ బాత్‌రూమ్ లోపలే ఉండేది. "పాత మేకులకే తగిలిస్తా అన్నా, అరగంటలో అయిపోతది" అన్నాడు ప్లంబర్. నేను వద్దన్నా. మూసిన బాత్‌రూమ్‌లో మంట అక్కడి ఆక్సిజన్‌నే తినేస్తుంది. అది తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మన దేశంలోని న్యూరాలజిస్టులు దీన్నే "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" పేరుతో వైద్య పత్రికల్లో రాశారు.

ఇంకో మాట. వంటగ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కు పసిగడుతుంది. ఇక్కడ లీకే ఉండదు. ఎల్‌పీజీ లీక్ డిటెక్టర్ పెట్టినా కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదు. దానికి ఈఎన్ 50291 ప్రమాణం ఉన్న వేరే అలారం కావాలి. అలారం పెట్టాం కదా అని గీజర్‌ని లోపల బిగించొద్దు.

ఖర్చు లెక్క

మనిషికి 20 లీటర్లు, 22 డిగ్రీల నీళ్లు 42కి రావాలి అనుకుందాం. ఒక స్నానానికి దాదాపు 44 గ్రాముల గ్యాస్ పడుతుంది. నలుగురికి నెలకు 5.3 కిలోలు. 14.2 కిలోల బండ 900 రూపాయలు అనుకుంటే సుమారు 335 రూపాయలు. అదే స్టోరేజ్ ఎలక్ట్రిక్ గీజర్‌కి, ఊరికే చల్లారిపోయే వేడి కూడా కలిపితే, 66 యూనిట్ల దాకా అవుతుంది. యూనిట్ 8 రూపాయలైతే 528.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే లెక్క మారుతుంది. ఆ 66 యూనిట్లు కలిపినా 200 దాటకపోతే కరెంటే ఫ్రీ. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ముందు మీ చలికాలం బిల్లు తీసి చూసుకోండి.

కొనే ముందు

ఐఎస్‌ఐ మార్క్, ఐఎస్ 15558 నంబర్ చూడండి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్లకు పీఎన్‌జీ మోడలే తీసుకోవాలి. రెండిటికీ గ్యాస్ ఒత్తిడి, జెట్ సైజు వేరు కాబట్టి ఎల్‌పీజీ మోడల్‌ని నేరుగా కలపకూడదు. బోర్ నీళ్లయితే కాయిల్‌లో సున్నం పేరుకుంటుంది, ఏటా సర్వీస్ తప్పదు. హాస్టల్ నడిపేవాళ్లు ఇంటి బండ వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి.

నా తీర్పు

మాకు గాలి ఆడే వాష్ ఏరియా ఉంది, ట్యాంక్ ఎత్తూ సరిపోయింది. 6 లీటర్ల గ్యాస్ గీజర్‌ని అక్కడే పెట్టించి, బాత్‌రూమ్‌లోకి ఐదు మీటర్ల వేడినీళ్ల పైపు లాగించాం. రోజూ మొదట దాదాపు లీటరు చల్లనీళ్లు వస్తాయి, అంతే. ఓనర్ ఆంటీ మొదట గోడకు రంధ్రం వద్దన్నారు, కార్బన్ మోనాక్సైడ్ సంగతి చెప్పాక సరేనన్నారు.

మీ బాత్‌రూమ్ కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటే, బయట గీజర్ పెట్టే చోటే లేకపోతే, గ్యాస్ వద్దు. 16 ఆంప్స్ పాయింట్, మంచి ఎర్తింగ్ చూసుకుని 15 లీటర్ల ఎలక్ట్రిక్ స్టోరేజ్ గీజర్ తీసుకోండి. నెలకు రెండొందలు ఎక్కువైనా సరే. అద్దె గది చూడ్డానికి వెళ్లినప్పుడు బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ కనిపిస్తే, అడ్వాన్స్ ఇవ్వకముందే దాన్ని బయటికి మార్పించమని అడగండి.