విందు మనకు, ముప్పు పశువులకు

సిద్దిపేట: పెళ్ళి భోజనాలు ముగిశాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. టెంటు విప్పేశారు. ఊరి బయట చెరువు కట్ట కింద మాత్రం తెల్లని గుట్ట ఒకటి మిగిలింది. అన్నీ ఎంగిలి పళ్ళాలు, గ్లాసులు, టీ కప్పులు, మిగిలిన కూర పోసి మూతి కట్టిన సంచులు. తెల్లవారేసరికి ఆ గుట్ట చుట్టూ ఆవులు, బర్రెలు మూగుతాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే పల్లెల్లో తరచు కనిపించే దృశ్యమిది.

పశువుకు అన్నం వాసన తెలుస్తుందే గాని, సంచి విప్పుకొని తినడం తెలియదు. సంచితో సహా మింగుతుంది. అది కడుపులో అరగదు. ఒకదానిపై ఒకటి చేరి ముద్ద కడుతుంది. పశువు మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి, కడుపు ఉబ్బుతుంది. ముదిరితే పశువైద్యుడు పొట్ట కోసి తీయవలసిందే. పాడి మీద బతికే ఇంటికి ఇది ఎంత దెబ్బో రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

మోదుగ విస్తరి రోజులు

పూర్వం ఈ బెడద లేదు. మోదుగ ఆకులు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి దాచేవారు. కుట్టే ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరచి, సన్నని పుల్లలతో విస్తళ్ళు కుట్టేవారు. తిన్నాక పారేస్తే పశువు నమిలినా భయం లేదు, పెంటకుప్పలో పడితే ఎరువే. పంక్తిలో కూర్చునేవారు నీళ్ళకు తమ చెంబు తామే వెంట తెచ్చుకునేవారు.

పేపరు కప్పులోనూ ప్లాస్టిక్కే

ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పేపరు కప్పు ఆ జాబితాలో లేదు. కాగితమే కదా, ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. కాని టీ కారిపోకుండా దాని లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి పానీయం 15 నిమిషాలు ఉంటే, కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు సుమారు 25,000 అందులో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించారు. అంటే ముప్పు పశువుతో ఆగేది కాదు.

ఐదువందల మంది విందుకు మనిషికి ఒక పళ్ళెం, రెండు గ్లాసులు, ఒక కప్పు చొప్పున వేసుకున్నా ఒక్క పూటకే రెండు వేల ఎంగిలి వస్తువులు పోగవుతాయి.

స్టీలు బ్యాంకు ఉండగా చింత ఎందుకు?

మన సిద్దిపేట జిల్లా గ్రామాల్లో ఏర్పాటైన స్టీలు బ్యాంకులు దీనికి మంచి దారి చూపాయి. స్టీలు పళ్ళాలు, గ్లాసులు ఊరి కోసం కొని ఉంచి, మహిళా సంఘాల ద్వారా తక్కువ అద్దెకు ఇస్తారు. వాడుకున్నవారు కడిగించి అప్పగించాలి. కడిగే మనుషులు దొరకరన్నది పెళ్ళివారి బాధ. అందులో నిజం లేకపోలేదు. అయితే పేపరు పళ్ళాలకు పోసే డబ్బే కూలిగా ఇస్తే ఆ సొమ్ము ఊళ్ళోనే ఉంటుంది కదా!

విందు పెట్టేవారే కాదు, బయట తినేవారూ ఆలోచించాలి. పార్శిలు తెచ్చుకునేవారు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుపోవచ్చు. టీ కొట్టులో గాజు గ్లాసు అడిగి తాగవచ్చు. జాతరకు పోయేవారు సంచిలో ఒక స్టీలు గ్లాసు వేసుకుంటే బరువేమీ కాదు.

లగ్నపత్రిక రాయించిన నాడే పళ్ళాల సంగతి కూడా తేల్చుకుంటే మంచిది. పెళ్ళి మర్నాడు చెరువు కట్టకు పోయిన పశువు నీళ్ళు తాగి, క్షేమంగా ఇల్లు చేరుతుంది.