మాటల్లేని పాటకు శాక్సఫోన్ తోడు

పాటంటే సాహిత్యమేననే మొండివాళ్ళలో నేనొకణ్ణి. మాట బాగా లేకపోతే రాగమెంత గొప్పదైనా నా చెవికెక్కేది కాదు. నా యీ పట్టుదల సడలింది నార్వే దేశపు జాజ్ సంగీతం విన్నాక. మనవాళ్ళ ఆలాపన ఇన్నేళ్ళుగా వింటూ కూడా మారనివాణ్ణి! చెప్పుకుంటే సిగ్గే.

శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బారెక్ 1947లో నార్వేలో పుట్టాడు. తండ్రి పోలండు నుంచి యుద్ధఖైదీగా వచ్చినవాడు. పద్నాలుగో ఏట రేడియోలో జాన్ కోల్ట్రేన్ వాద్యం విని, గురువు లేకుండానే సాధన మొదలుపెట్టాడు. తరువాత అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు డాన్ చెర్రీ అతని దృష్టిని స్వదేశపు జానపద సంగీతం మీదికి మళ్ళించాడు.

ఆ దేశానికి ఉత్తరాన సామీ ప్రజలున్నారు. రెయిన్‌డీర్ల మందలు మేపడం వారిలో కొందరికి తరతరాల వృత్తి. వారి పాట పేరు యోయిక్. ఒక మనిషిని గురించి పాడటం కాదట, ఆ మనిషినే పాడతారట! తల్లిని పాడితే తల్లి ఎదుట నిలిచినట్లే లెక్క. అందులో మాటలు బహు తక్కువ. చాలాసార్లు అసలే వుండవు. ‘లో, లా’ వంటి అక్షరాలే, మన గాయకుల ‘తదరిన’ల మాదిరిగా.

ఇంత అమాయకపు పాటను మతాచార్యులు శతాబ్దాల తరబడి పాపమన్నారు. 1950లలో కూడా సామీ ప్రాంతాల బడుల్లో దాన్ని పాడనిచ్చేవారు కారు. 1956లో పుట్టిన మారి బోయ్నె అనే సామీ గాయని అటువంటి నిష్ఠాపరుల ఇంటనే పెరిగింది. యోయిక్ ఆ గడప తొక్కరాదు. అది సైతాను పాట!

గార్బారెక్ 1990లో ‘ఐ టుక్ అప్ ది రూన్స్’ అనే రికార్డులో ఇంగోర్ ఆంటె ఐలు గౌప్ అనే సామీ గాయకుడి చేత పాడించాడు. 1993లో వచ్చిన ‘ట్వెల్వ్ మూన్స్’లో మారి బోయ్నె గొంతు వుంది. వీటిలో నాకు నచ్చిందేమిటంటే, శాక్సఫోన్ పెత్తనం చెయ్యదు. గార్బారెక్ వాద్యంలో తళుకుబెళుకులు తక్కువ. ఒక్క స్వరాన్నే పట్టుకుని, మంచుకొండ మీద నుంచి వేసిన పొలికేకలా నిలబెడతాడు. ఎక్కడ గొంతు ఆగిందో, ఎక్కడ ఇత్తడి అందుకుందో తేల్చుకోలేక నేను రికార్డును రెండుసార్లు మొదటినుంచి పెట్టాను.

లోకంలో ఇంతకన్నా పేరు మోసింది ‘అఫీషియం’. హిల్లియర్డ్ ఎన్‌సెంబుల్ వారు నలుగురు పాత లాటిను కీర్తనలు పాడుతుంటే గార్బారెక్ పక్కన వాయించాడు. 1993లో ఆస్ట్రియాలోని ఒక మఠంలో రికార్డు చేశారు. పదిలక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. లాటిను రాని నాబోటివాడికి అవీ మాటల్లేని పాటలే కదా! అయినా నా వోటు యోయిక్‌కే. అక్కడ పాడేవాళ్ళు దెబ్బలు తిన్న పాటను పాడుతున్నారు.

గార్బారెక్ మనకు బొత్తిగా పరాయివాడేం కాదు. మద్రాసులో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ 1985లో వెలువరించిన ‘సాంగ్ ఫర్ ఎవ్రీవన్’లో జాకిర్ హుస్సేన్ తబలా సరసన వాయించినవాడే.

సామీ ప్రజల భాషనూ సంస్కృతినీ అణచినందుకు నార్వే పార్లమెంటు 2024 నవంబరులో క్షమాపణ చెప్పుకుంది. మారి బోయ్నె పాడిన ఆ రికార్డు వెలువడి అప్పటికి ముప్పయ్యేళ్ళు దాటింది.