టికెట్టు ముందా, మిర్చి ముందా?

వేసవి సెలవులకు ఎక్కడికైనా వెళ్దామని మా ఇంట్లో పిల్లలు సంక్రాంతి వెళ్లిన మరునాడే అడగడం మొదలుపెడతారు. అవి మన పల్నాటిలో మిరప చేలు ఎర్రబడే రోజులు. చేను నిండుగా, చెయ్యి ఖాళీగా ఉండే రోజులు. వేసవి విమానము టికెట్లు చవకగా దొరికేది కూడా అప్పుడే. ఇదే మా చిక్కు. నరసరావుపేట మొదలుకొని గురజాల, మాచర్ల దాకా సేద్యము మీద బ్రతికే ఏ విశ్వాసి ఇంటికైనా ఇది తప్పదని తలచి, 2025 వేసవిలో మేము చేసిన లెక్కలను, పడిన తర్జనభర్జనను ప్రియ పాఠకులతో పంచుకొంటున్నాము.

రైతు ఇంటికి విమానమా అని నవ్వుకొనేవారు ఉంటారు. మేమూ అలా నవ్వినవాళ్లమే. 2023లో మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటి పలికింది. ఆ వేసవిలో మా నాన్నగారు, చల్లని ఊరు ఒక్కటి చూడాలని ఉంది, అదీ విమానములో పోయి చూడాలని ఉంది అన్నారు. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి ఆ కోరిక వింతగా తోచదు. మేమేమో ఇంకో రెండు వేలు పెరుగుతుందని సరుకు కోల్డు స్టోరేజీలో పెట్టి, "వచ్చే ఏడు పోదాములే నాన్నా" అన్నాము. ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందే ప్రభువు ఆయనను తన యొద్దకు పిలుచుకొన్నారు. ధర పెరిగిందా అని మాత్రము అడగవద్దు.

అందుకని అమ్మ విషయములో మరల అలా జరుగకూడదనుకొన్నాము. ఆమెకు డెబ్బయి దగ్గర పడినవి, మోకాళ్ల నొప్పులున్నవి. ఊటీ వెళ్దామని కుటుంబ ప్రార్థన తరువాత అందరము కూర్చుని అనుకొన్నాము. హైదరాబాదు నుండి కోయంబత్తూరు వరకు విమానము, అక్కడ నుండి కొండ మీదికి బస్సు. అమ్మ, మేమిద్దరము, మా పిల్లలిద్దరు, తమ్ముడు, మరదలు, వారి చంటిపాప. ఎనిమిది మందిమి.

ముందు తేదీ కుదరాలి. బడులకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు సెలవులు. మే మొదట్లో సంఘములో వి.బి.ఎస్. ఉంటుంది, ఇంట్లో ఇద్దరు టీచర్లు కనుక అది దాటవలసిందే. ఇక చంటిపాప సంగతి. రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని పోవచ్చు, దానికి కొద్దిపాటి రుసుము తీసుకొంటారు. రెండు నిండితే పెద్దవారిలాగే సీటు, టికెట్టు ఉండాలి. వయస్సు లెక్క చూసేది టికెట్టు కొన్న రోజున కాదు, ప్రయాణము చేసే రోజున. ఇది చాలామందికి తెలియదు. మా పాపకు మే 24తో రెండేళ్లు నిండుతాయి. మే 20 మంగళవారము అనుకొన్నాము. వారము మధ్య రోజులలో సాధారణముగా ధర తక్కువ, శుక్రవారము సాయంత్రము, ఆదివారము ఎక్కువ. (ఆదివారము మనకు ఎలాగూ కుదరదు.) టికెట్టు మంగళవారమునాడు కొంటే చవక అని కొందరు చెప్పుతుంటారు గాని, కొనే వారము ఏదైనా ఒకటే. ప్రయాణము చేసే వారమును బట్టే తేడా వస్తుంది.

జనవరి 20న చూస్తే మనిషికి 4,300 రూపాయలు ఉన్నది. ఏడు సీట్లకు 30,100. తమ్ముడు కాగితము తీసి లెక్క వేశాడు. "అన్నయ్యా, రెండు రూపాయల వడ్డీకి ముప్పయి వేలు తెస్తే నెలకు ఆరు వందలు. మే దాకా నాలుగు నెలలకు రెండు వేల నాలుగు వందలు. ఆగితే టికెట్టు అంతకంటే ఎక్కువే పెరుగుతుంది" అన్నాడు. లెక్కలో తప్పు లేదు. కాని అమ్మ ఒప్పుకోలేదు. "పురుగుమందుల కొట్టు బాకీ అలాగే ఉన్నది. కాయ కోసే కూలీలకు ఇవ్వాలి. వాళ్ల ముందు నుండి నేను విమానము ఎక్కడానికి పోవాలా?" అన్నది. ఆమె మాట మీద ఆగాము.

ఇక్కడ మా అభిప్రాయము దాచుకోము. వైద్యానికో, చదువుకో అప్పు చేయవలసిన అవసరాలు వస్తాయి. విహారయాత్రకు అప్పు చేస్తే, పంట ధర పడినప్పుడు యాత్ర అయిపోయి అప్పు మిగులుతుంది. ఆ ఏడు జరిగింది అదే. మిర్చి ధర ఎంతగా పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది. గుంటూరు యార్డులో మా మొదటి కోతకు వచ్చినది పదకొండు వేలు. ఆ పైకములో ప్రథమ ఫలము సంఘములో సమర్పించి, కూలీలకు ఇచ్చి, కొట్టు బాకీ తీర్చాము. మిగిలినది ముప్పయి అయిదు వేలు. రెండో కోత మిగతా ఖర్చులకు అనుకొని, ఫిబ్రవరి 27న టికెట్లు కొన్నాము.

అప్పటికి ఏడు సీట్లు కలిపి అడిగితే మనిషికి 5,400 అని చూపించింది. నరసరావుపేటలో టికెట్లు బుక్ చేసే కుర్రవాడొకడు ఒక కిటుకు చెప్పాడు. విమానములో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. కొన్ని తక్కువ ధరకు, అవి అయిపోతే కొన్ని దాని పై ధరకు, అలా మెట్లు మెట్లుగా పెడతారు. తక్కువ ధరలో నాలుగే మిగిలి, మీరు ఏడు కలిపి అడిగితే ఏడింటికీ పై మెట్టు ధరే చెప్పుతుంది. విడివిడిగా అడిగి చూడండి అన్నాడు. అలాగే చేస్తే నాలుగు 4,600 చొప్పున, మూడు 5,400 చొప్పున వచ్చినవి. మొత్తము 34,600. పాప రుసుము వేరే. కలిపి కొని ఉంటే 37,800 అయ్యేది. టికెట్లు రెండు కాగితాలుగా ఉంటాయి కనుక, ముసలివారు, పిల్లలు ఒంటరిగా ఒక కాగితములో పడకుండా చూసుకోవాలి. అంతే.

తమ్ముడి లెక్క ప్రకారము జనవరిలో కొని ఉంటే వడ్డీ పోను ఇంకా రెండు వేలు కలిసివచ్చేది. వాడు ఆ మాట ఇప్పటికీ అంటుంటాడు. ఏప్రిల్ నడిమిలో ఊరికే చూస్తే అదే టికెట్టు 7,600 అయింది. అంటే పైకము చేతికి వచ్చిన రోజునే కొనడం మంచిదైంది. మిర్చిలాగా టికెట్టును కోల్డు స్టోరేజీలో పెట్టి ధర కోసము ఎదురు చూడలేము. పండుగ రోజులలో, బడి సెలవులలో చివరికి ధర తగ్గుతుందని ఆశపడేవారు ఎక్కువగా నష్టపోతారు.

పేరు విషయము ఒకటి మన సంఘాలవారు ప్రత్యేకముగా గమనించాలి. మనలో చాలామందికి సంఘములో పిలిచే బాప్తిస్మపు పేరు ఒకటి, ఆధారు కార్డులో పేరు ఒకటి. మా అమ్మకూ అంతే. నలభై ఏళ్లుగా ఊరంతా పిలిచే పేరు టికెట్టులో వేయించబోయి, చివరి నిమిషములో కార్డు తీసి చూశాము. విమానాశ్రయములో గుమ్మము దగ్గర సిపాయి చూసేది టికెట్టులోని పేరు, కార్డులోని పేరు ఒకటిగా ఉన్నవా అని. ఇంటిపేరు ముందో వెనుకో అని కంగారు పడనవసరము లేదు గాని, పేరే వేరైతే చిక్కు. పాపకు జననపత్రము పట్టుకొని వెళ్లాము.

ఏజెంటు దగ్గర కొన్నా, టికెట్టులో మన ఫోను నంబరే వేయించాలి. విమానము వేళ మారితే కబురు ఆ నంబరుకే వస్తుంది. మాకు తెలిసిన ఒక కుటుంబమువారు ఆ కబురు ఏజెంటు ఫోనులోనే ఉండిపోయి, తీరా వెళ్లేసరికి విమానము లేచిపోయి, తిరిగి వచ్చారు. ఏ కారణము చేతనైనా వెళ్లలేకపోతే, చవక టికెట్టులో చాలా భాగము పోయినా, అందులో కలిసియున్న పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని 2016 నుండి నిబంధన ఉన్నది. అడిగితేనే వస్తాయి.

తిరుగు ప్రయాణము రైలులో పెట్టుకొన్నాము. కోయంబత్తూరు నుండి గుంటూరుకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉండగా రెండు వైపులా విమానమెందుకు? పైగా రైలులో అయిదేళ్లలోపు బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్టే లేదు. రైలు రిజర్వేషను పూర్వము 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులు చేశారు. మే 26 ప్రయాణానికి మార్చి 27 ఉదయము ఎనిమిది గంటలకు కూర్చుంటే అమ్మకు క్రింది బెర్తు దొరికింది. మేట్టుపాళయము నుండి ఊటీకి పోయే కొండ రైలును మాత్రము మరిచిపోయాము. తరువాత చూస్తే ఒక్క సీటు లేదు. పిల్లలు ఇంకా ఆ సంగతి ఎత్తి చూపుతూనే ఉన్నారు.

ఫలానా రోజున ఫలానా ఊరు పోతామని గట్టిగా చెప్పేవారిని గూర్చి యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయములో వ్రాసినది ఆ మే నెలలో తరచు జ్ఞాపకము వచ్చింది. మన మధ్య సువార్త ప్రకటించిన ఫాదర్ హయ్యర్ 1841 అక్టోబరులో బోస్టనులో ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. తరువాత గురజాలలో నివసించారు. ఆ రోజులలో ఓడకు గాలి కావాలి, ఎవరూ తేదీ చెప్పేవారు కారు. మనము చేతిలో తేదీ, వేళ, సీటు నంబరు పట్టుకొని కూర్చున్నాము గాని, 2025 మే రెండవ వారములో సరిహద్దు ఉద్రిక్తతల వలన ఉత్తర, పశ్చిమ భారతములో 32 విమానాశ్రయాలు మూతబడినవి. దక్షిణాదిన మా దారికి ఆటంకము రాలేదు. ఆ డిసెంబరు మొదటి వారములోనైతే దేశమంతటా విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయి, కేంద్రము ధరలకు హద్దు కట్టవలసి వచ్చింది. క్రిస్మసుకు ఇల్లు చేరవలసిన పిల్లలకు మేము చెప్పేది ఇదే. పండుగ ముందు రాత్రి విమానము కొనవద్దు, రెండు రోజులు ముందుగా బయలుదేరండి.

మేము కూడా ముందునాడే నడికుడిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చేరి, బంధువుల ఇంట్లో పడుకొన్నాము. విమానము లేచేటప్పుడు అమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకొన్నది, లేచిన తరువాత కళ్లు తెరిచి కిటికీ వదలలేదు. ఊటీలో రెండు రోజులు తిరిగాము. ఆ ఏడు ఋతుపవనాలు వారము రోజులు ముందుగా, మే 24కే కేరళను తాకినవి. నీలగిరికి రెడ్ అలర్టు ఇచ్చారు, తోటలూ చెరువూ మూసివేశారు. మే నెలలో దుప్పటి కప్పుకొని వాన చూడటమే అమ్మకు యాత్ర అయింది. ఆదివారము ఉదయము, 1831 ఈస్టరు నాడు ఆరాధనకు తెరిచిన సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో కూర్చున్నాము. ఆరాధన కాగానే, దారి మూసుకుపోక ముందే కొండ దిగాము.

తిరుగు రైలులో తెల్లవారిన తరువాత అమ్మ అడిగింది, విమానము టికెట్టు మనిషికి ఎంత పడిందని. అంతవరకు చెప్పలేదు. నాలుగు వేల తొమ్మిది వందల చిల్లర అన్నాము. ఆమె కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకొన్నది.

"అంటే ఒక టిక్కీ కాయ" అన్నది. కిటికీలోనుండి చూస్తూ మరల అన్నది. "మీ నాన్నకైతే ఆ ఏటి ధరకు అర టిక్కీతో అయిపోయేది."