చీటీ ముందా, గంట ముందా?

బెళ్ళందూరు నుంచి ఒక పాఠకులు ఉత్తరం రాశారు. ఆర్‌.ఎం‌.ఎస్‌.లో అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు విడదీసి రిటైరయ్యారు, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. "మావాడు ఏదో కొత్త చిప్పుకి డ్రైవరు రాస్తున్నాడండీ. మొన్న రాత్రి పదింటికి వచ్చి కంచం ముందు కూర్చుని, 'చీటీ చేరకముందే గంట మోగింది నాన్నా, మూడు వారాలు గంగలో కలిశాయి' అన్నాడు. ఏం చీటీరా, ఏం గంటరా అంటే 'చెప్పినా నీకు అర్థం కాదులే' అన్నాడు. మీరైనా చెబుతారా?"

అయ్యా, మీకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. ఇది పక్కా తపాలా వ్యవహారం.

ముందు చెప్పాల్సినవి గబగబా చెప్పేస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ కెర్నెల్. అందులో ఒక్కో పరికరం భాష తెలిసిన ముక్క డ్రైవరు. డేటాను మోయడం, పోల్చడం, మోసింది చెడిపోలేదని సరిచూడడం లాంటి చాకిరీని ప్రాసెసరు నెత్తిన పెట్టకుండా దానికోసమే చేసిన చిప్పులున్నాయి. ఇంటెల్ 2023 జనవరిలో విడుదల చేసిన సఫైర్ రాపిడ్స్ సర్వర్ ప్రాసెసర్లలో ఉన్న డేటా స్ట్రీమింగ్ యాక్సిలరేటర్, పొట్టిగా డీఎస్‌ఏ, ఆ జాతిదే. ఇంటెల్ ఆఫీసు దేవరబీసనహళ్ళి రింగురోడ్డు మీద, మీ పిన్‌కోడ్‌లోనే ఉంది: 560103. డీఎస్‌ఏ డ్రైవరు లినక్స్ కెర్నెల్‌లోకి 2020లో, 5.6 వెర్షన్‌తో వచ్చింది. 

ఇక అసలు సంగతి. ప్రాసెసరు పరికరానికి పని చెప్పాలంటే ఒక చీటీ రాస్తుంది: ఫలానా చోటున్న డేటా, ఫలానా చోటికి, ఇన్ని బైట్లు, అయ్యాక ఇక్కడ సంతకం పెట్టు. చాలా పరికరాలకు ఈ చీటీలు మెమరీలో గుండ్రంగా పేర్చిన అరల్లో పడతాయి. చివరి అర నిండితే మళ్ళీ మొదటిది. చీటీ పెట్టాక పరికరంలోని ఒక రిజిస్టరులో అంకె రాయాలి. దానికి ఈ పనివాళ్ళు పెట్టుకున్న పేరు డోర్‌బెల్. గంట మోగగానే పరికరం వచ్చి అరలో చీటీ తీసుకుని పోతుంది.

చీటీ పెట్టు, గంట కొట్టు. రెండే పనులు. మరి మూడు వారాలు ఎక్కడ పోయాయి?

ప్రాసెసరుకి తొందరెక్కువ. ప్రతి రాతనూ మెమరీ దాకా మోసి, చేరిందని చూసుకుని, అప్పుడు తర్వాతి పని మొదలుపెట్టదు. రాసినవన్నీ పక్కనున్న సంచిలో పడేసి ముందుకి పోతుంది. ఆర్మ్ ప్రాసెసర్లలో ఆ సంచిలోంచి ఏది ముందు బయటికి పోతుందో చెప్పలేం. గంట ముందు పోయి చీటీ వెనకబడిందనుకోండి, పరికరం వచ్చి చూసేసరికి అరలో కిందటి చుట్టులో పడిన పాత చీటీ ఉంటుంది. పాపం, దానికేం తెలుసు? ఆ పాత చిరునామాకే డేటా మోసుకెళ్ళి దించుతుంది. అక్కడ ఇప్పుడు వేరే ప్రోగ్రామ్ కాపురముంటోంది. దాని సామాను మీద ఈ సామాను పడుతుంది. ఆ ప్రోగ్రామ్ ఓ గంటసేపటికి ఎక్కడో కూలిపోతుంది, నేరం మాత్రం ఏ పాపం ఎరగని ఇంకెవరి కోడ్ మీదో పడుతుంది. పట్టుకుందామని మధ్యలో ఒక ప్రింట్ పెడితే, ఆ ఆలస్యంలో చీటీ చేరిపోయి తప్పు మాయమవుతుంది!

మందు ఒక్క లైను. చీటీకీ గంటకీ మధ్య ఒక అడ్డుకట్ట: ముందు రాసినవన్నీ చేరేదాకా ఇది దాటకు అని. లినక్స్‌లో రిజిస్టరులో రాసే మామూలు ఫంక్షన్ 'రైట్‌ఎల్' ఈ కట్టను తనతోనే తెస్తుంది. వేగం కోసమని ఎవరో దాన్ని తీసి 'రైట్‌ఎల్ రిలాక్స్‌డ్' పెడతారు. పేరులోనే ఉంది, విశ్రాంతి!

ఇక్కడ పప్పులో కాలేసినవాళ్ళు తక్కువేం కాదు. సీ భాషలో 'వోలటైల్' అన్న మాట తగిలిస్తే చాలని ఒక తరం నమ్మింది. ఆ మాట కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలరుకి వినిపిస్తుంది, ప్రాసెసరుకి వినిపించదు. దాన్ని వాడొద్దని నచ్చజెప్పడానికి కెర్నెల్ పత్రాల్లో ఒక పేజీయే ఉంది. ఇంకా తమాషా 'ఎంఎంఐఓడబ్ల్యూబీ' అనే అడ్డుకట్టది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టినవాళ్ళు ఎంత అరుదంటే, 2019లో కెర్నెల్ డెవలపర్ విల్ డీకన్ ఆ పేరును అక్షరం అక్షరం వెక్కిరింపుగా విడమరిచి మరీ డ్రైవర్లలోంచి పీకేశాడు. అది చేసే పనిని, ఒకేసారి ఇద్దరు పరికరాన్ని ముట్టకుండా వేసే తాళాన్ని తీసే ఫంక్షన్‌లోనే కలిపేశాడు. 5.2 వెర్షన్ నుంచి డ్రైవరు రాసేవాడికి ఆ బెడద లేదు.

డీఎస్‌ఏ తెలివి చూడండి. దాని చీటీ సరిగ్గా 64 బైట్లు. ఒకే ఆదేశంతో చీటీ మొత్తాన్ని పరికరం గుమ్మంలో పడేస్తారు. చీటీయే గంట! అయినా దాని డ్రైవరులోనూ పంపే ముందు ఒక అడ్డుకట్ట ఉంది. చీటీ ముందే చేరినా, అది చూపించే డేటా ఇంకా దారిలో ఉండొచ్చు కదా.

మీ శాఖ మాట కూడా వస్తుంది. ప్రాసెసరునీ పరికరాల్నీ కలిపే పీసీఐ దారిలో జవాబు కోసం ఆగని రాతను 'పోస్టెడ్' అంటారు, డబ్బాలో వేసి వచ్చేసిన కార్డులాగా. పలు ప్రోగ్రాములు పంచుకునే డీఎస్‌ఏ చీటీల వరసకి మాత్రం ఎక్‌నాలెడ్జ్‌మెంటు ఉన్న రిజిస్టర్డ్ పోస్టే. చోటు లేకపోతే 'మళ్ళీ రా' అని జవాబొస్తుంది.

తిరుగు టపా ఇంకా ముచ్చటైనది. పని అయిందని పరికరం కొట్టే ఇంటరప్టుకి ఒకప్పుడు వేరే తీగ ఉండేది. డేటా ఇంకా దారిలో ఉండగానే గంట మోగిపోయేది. 1998 నాటి పీసీఐ 2.2లో వచ్చిన ఎంఎస్‌ఐ పద్ధతిలో ఆ గంట కూడా మెమరీలోకి వెళ్ళే ఒక ఉత్తరమే. పోస్టెడ్ ఉత్తరాలు మామూలుగా ఒకదాన్నొకటి దాటకూడదని నియమం. డేటా వెనకే గంట. ఎవరికి తట్టిందో గాని, నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంతా చేసి ఈ చిప్పుల ఉపయోగమేమిటంటారా? పెద్ద పెద్ద సర్వర్లలో కాపీల బరువు తగ్గుతుంది. నాలుగు బైట్ల కాపీకి చీటీ రాసి గంట కొట్టేలోగా ప్రాసెసరే ఆ పని ముగించేస్తుంది, ఆ సంగతి అమ్మేవాళ్ళు చిన్న అక్షరాల్లో చెబుతారు.

రాత్రి భోజనాల దగ్గర మీవాణ్ణి ఒక్కటి అడగండి: ముందు ఇంటెల్ మెషీన్ మీద నడిపి చూసి, బాగుందనుకుని ఆర్మ్ బోర్డు మీదికి తీసుకెళ్ళావా? మామూలు రాతలు ఇంటెల్‌లో వరస తప్పవు, అందుకే ఈ తప్పు అక్కడ నెలల తరబడి బయటపడకుండా దాక్కోగలదు. కంచంలోంచి తలెత్తి మీవైపు చూస్తాడు.