మిద్దె మీది వాన, చెరువులోని నీరు

మూడు నెలల యెండకు మాడిన మదనపల్లె వీధిలో తొలివాన కురిసిన సాయంకాలమున, తలుపులు తెఱచి మట్టివాసనను పీల్చి సంతోషించువారే కాని, వాకిటి ముందరి కాలువలోనికి వంగి చూచువారు అరుదు. చూచినచో నందు కనబడునది వాననీరనుటకు మనసొప్పదు. రోడ్డున టైర్లు రాల్చిన నల్లని ధూళి, మోటారు సైకిళ్ళనుండి కారి యింద్రధనుస్సు వలె మెఱయు నూనె, సబ్బు నురుగు, షాంపూ పొట్లములు, బండ్లనుండి జాఱి నలిగిన టమాటాల తొక్కలు, ఇవన్నియు నొక్క ప్రవాహమై పరుగిడుచుండును. ఆ కాలువ వంకలో, వంక బాహుదలో కలియును. బాహుద నీరు చెయ్యేటి ద్వారా పెన్నకు చేరును.

మన పూర్వులు ఈ సీమలో చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. పై చెరువు మరవ పాఱినచో దిగువ చెరువు నిండును, అదియు నిండినచో దాని క్రింది కుంట నిండును. నీటిచుక్క వృథా కాకుండుటకై పన్నిన ఈ యేర్పాటునందే నేడొక చిక్కు దాగియున్నది: నీరు పోయిన దారినే మురికియు పోవును. కర్ణాటకమున నంది కొండలయందు పుట్టిన పాలారు కుప్పం సీమలో సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే పాఱి తమిళనాటికి పోవును. అచ్చటి తోళ్ళ కార్ఖానాలు ఆ నదిని చెఱచిన తీరుపై సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రసిద్ధము. కార్ఖానా గొట్టమును వ్రేలితో చూపవచ్చును, తీర్పు చెప్పవచ్చును. వేల యిండ్ల వాకిళ్ళనుండి చెంబెడు చెంబెడుగా పోవు మురికిని చూపుట కే వ్రేలును చాలదు.

దీనికి మూలము నేలను మూసివేయుట. మట్టి యున్నచోట వాన కొంత యింకును, మురికి మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారమగును. ఇప్పుడు వాకిలి సిమెంటు, ప్రక్కసందు సిమెంటు, పెరడు నాపరాయి. కుప్పం గ్రీన్ అను గ్రానైటు దేశదేశములకు పేరుపడ్డది. మన నేలను త్రవ్వి తీసిన ఱాతితోనే మన నేలకు నీరందకుండ మూత వేయుచుండుట చూడగా నాకు నవ్వు వచ్చును. గేటు మొదలు మెట్ల వఱకు బండపఱుపు కావలసినదే యనుకొన్నను, బండకు బండకు నడుమ నాలుగు వ్రేళ్ళ సందు విడిచి గరిక నాటినచో ఇంటి యందమునకు లోటేమి?

ఇక మిద్దె సంగతి. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీటితో సమానము. కాబట్టి నూఱు చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్ల వాన కురిసిన 2000 లీటర్లు. ఇందు మొదటి రెండు మిల్లీమీటర్లు, అనగా 200 లీటర్లు, పావురాల రెట్టలను, ధూళిని కడిగి తెచ్చును. నమ్మనివారు మూడు గాజు గ్లాసులు తీసికొని, మిద్దె గొట్టము క్రింద వాన మొదలుకాగానే ఒకటి, పావుగంటకు ఒకటి, అరగంటకు ఒకటి పట్టి కిటికీలో వరుసగా నిలుపవలెను. మొదటిది టీ వలె నుండును. మూడవదాని గుండ ఎదుటి గోడ కనబడును.

అందుచేత తొలినీటిని నేరుగా ఇంకుడుగుంటకు విడుచుట తగదు, బోరు చేరువగా నున్న మఱియు తగదు. ఒక పీపాలో పట్టి అరటి పాదునకో, మెట్టతామర మడికో మళ్ళించి, తరువాతి తేటనీటిని గుంటలోనికి పోనిచ్చుట మేలు. మీటరు వెడల్పు, మీటరు పొడవు, మీటరున్నర లోతు గల గుంటలో అడుగున పెద్దరాళ్ళు, నడుమ కంకర, పైన ఇసుక పోయుదురు. ఱాళ్ళ సందులలో ఒక్కమాఱుగా అయిదాఱువందల లీటర్లు నిలుచును; తక్కినది వాన కురియుచుండగనే నేలలోనికి దిగుచుండును. 2000లో ప్రభుత్వము 'నీరు-మీరు' అను నీటి సంరక్షణ కార్యక్రమము చేపట్టినప్పుడును, 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమున వాననీటి సేకరణకు నిబంధన చేసినప్పుడును ఇట్టి గుంటలు విరివిగా త్రవ్వబడినవి. ఆ పిమ్మట పూడిక తీసినవారు మాత్రము స్వల్పము.

పుంగనూరున పొట్టి యావు ఎంత ముద్దుగా నున్నను, దాని పేడను వీధి ప్రక్కన కుప్పవేసిన, తొలివానకు అది చెరువున కలిసి గుఱ్ఱపుడెక్కకు ఎరువగును. కప్పు గల యెరువు గుంటకు పెద్ద ఖర్చు లేదు. బండిని కడుగుట మట్టినేలపైన, పాత ఇంజను నూనెను పోయుట మెకానిక్కు డబ్బాలోన, మందు డబ్బాల కడుగునీరు పైరుపైన. ఇవి చెప్పనక్కరలేని మాటలు. మరుగుదొడ్డి గొట్టమును రాత్రివేళ వాననీటి కాలువకు తగిలించు ఇంటివారికి మాత్రము నేను సభ్యమైన మాటలను వెదకలేకున్నాను.

వేసవి ముగియక మునుపే గుంటపై ఇసుకను నాలుగంగుళముల మేర ఎత్తి మార్చవలెను. ఎత్తిన ఇసుకను నీడలో పోసి చూడుడు: రంగు బొగ్గువలె నుండును, చేత నలిపిన జిడ్డంటును. గుంట లేనిచో ఏటి కొక గంపెడు చొప్పున ఆ మురికి బాహుదకు పోవలసినదే.