చెప్పుల కాపలా ఎవరిది?

పిల్లలు సముద్రానికి వెళ్దామంటారు. సరే అన్నామా, ఆ రాత్రి ఇల్లాలికి నిద్ర ఉండదు. తెల్లారగట్ల నాలుగింటికే లేచి పులిహోర కలపాలి, పెరుగన్నానికి తాలింపు పెట్టాలి, తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు సర్దాలి. మీ ఇంట్లోనూ అంతేనా?

మా ఇంట్లో అంతే. కిందటేడాది అందరం కలిసి భీమిలి వెళ్లొచ్చాం. రాత్రి భోజనాలయ్యాక "సముద్రం ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగాను. "నేనెక్కడ చూశానమ్మాయ్! మీ అందరి చెప్పులూ చూస్తూ కూర్చున్నాను కదా" అన్నారావిడ. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఆ చెప్పులూ సంచుల దగ్గర ఆవిణ్ణి కూర్చోబెట్టింది నేనే మరి!

అందుకే ఈసారి కార్తీకమాసం పిక్నిక్‌ల రద్దీ తగ్గాక, పిల్లల్ని వాళ్ల నాన్నకు అప్పగించి మేమిద్దరమే బయల్దేరాం. అదీ వారం మధ్యలో, అన్నం క్యారేజీ లేకుండా. విశాఖ నుంచి భీమిలి సుమారు పాతిక కిలోమీటర్లు. బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. రుషికొండ, మంగమారిపేట దాటి ఎర్రమట్టి దిబ్బల దాకా సముద్రం తోడొస్తూనే ఉంటుంది.

భీమిలిలో హడావుడి తక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి వర్తకం చేసిన రేవు ఇది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. అయినా చిన్న ఊరి నెమ్మది పోలేదు. ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకునే మగవాళ్లు, చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్లు... అంతే.

అత్తయ్య ఇసుకలో కూర్చున్నారు. పది నిమిషాలకే "ఇంకేం చెయ్యాలి?" అన్నారు. "ఏమీ చెయ్యక్కర్లేదు" అన్నాను. చేతులు ఊరుకోక కొంగు మడతలు పెట్టడం మొదలెట్టారు. కాసేపటికి కుచ్చెళ్లు పైకి దోపుకుని నీళ్ల అంచున నిలబడ్డారు. అల వెనక్కి పోతూ పాదాల కింద ఇసుకను లాగేస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మీ మావయ్య ఉన్నప్పుడు ఒక్కసారి ఊరికే ఇలా తీసుకురమ్మని అడగాలనుండేది. ఊరికే ఎందుకు అంటారేమోనని అడగలేదమ్మాయ్."

బదులేం చెప్పాలో నాకు తోచలేదు. గుడికి వెళ్తాం, పెళ్లికి వెళ్తాం, ఆసుపత్రికి వెళ్తాం. 'ఊరికే' వెళ్లడానికి మాత్రం మనల్ని మనమే పోనివ్వం.

ఆ సాయంత్రం ఇద్దరం వేయించిన వేరుశెనక్కాయలు తింటూ, పెద్దగా మాట్లాడుకోకుండా చీకటి పడేదాకా కూర్చున్నాం.

మీరూ వెళ్తారా?

• నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. పొద్దున్నే గానీ, మూడు దాటాక గానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఇసుక కాళ్లు కాలుస్తుంది.

• నది కలిసేచోట నీళ్లు నెమ్మదిగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. అక్కడ దిగొద్దు. మిగతాచోట కూడా పాదాలు తడిస్తే చాలు. పిల్లల చెయ్యి వదలొద్దు.

• నూలు బట్టలు, మంచినీళ్ల సీసా చాలు. నగలు ఇంట్లోనే ఉంచండి.

• తెచ్చిన ప్లాస్టిక్ సంచులు మళ్లీ వెంట తీసుకెళ్లండి.

• ఇంటిల్లిపాదీ వెళ్తే, చెప్పుల కాపలాకు వంతులు వేసుకోండి. మొదటి వంతు ఇంటాయనది!