కీలెరిగి వాత పెట్టాలి: ల్యాప్‌టాప్ స్క్రీన్ మనమే మార్చుకుందాం

ఏ హాస్టల్‌లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా మూల విరిగి, టేపు చుట్టిన ల్యాప్‌టాప్ ఒకటైనా కనిపిస్తుంది. కొన్నాళ్లకి దాని స్క్రీన్ కూడా పగులుతుంది. కొత్త స్క్రీన్ వేయిస్తారు, మళ్లీ అదే మూలలో ఇంకో గీత. "డూప్లికేట్ స్క్రీన్ వేశాడ్రా" అని షాపువాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు దొంగ దాని పక్కనే ఉన్న హింజ్. కీలెరిగి వాత పెట్టాలని మన పెద్దలు ఊరికే అనలేదు. హింజ్ అంటే కీలే కదా!

ఇంట్లోవాళ్లు అప్పు చేసి కొన్న ల్యాప్‌టాప్ మనకి నాలుగేళ్లు రావాలి. అందుకే ఈ లెక్క తెలుసుకోవడం మంచిది.

తలుపుకి మడతబందు ఎలాగో, ల్యాప్‌టాప్ మూతకి హింజ్ అలాగ. హింజ్ లోహమే, కానీ చాలా మోడళ్లలో దాన్ని బిగించేది ప్లాస్టిక్ బాడీకి. ఆ ప్లాస్టిక్‌లో చిన్న దిమ్మెలు, వాటిలో దింపిన ఇత్తడి నట్లు ఉంటాయి. స్క్రూలు ఎక్కేది వాటిలోకే. రోజులు గడిచేకొద్దీ హింజ్‌లో గ్రీజు ఎండి బిగుసుకుంటుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడుతుంది. ఒకరోజు నట్టు ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తుంది. ఇక మూత ఒకవైపు మామూలుగా తిరుగుతుంది, రెండోవైపు మెలిపడుతుంది. లోపలున్నది పల్చటి గాజు. మెలిపెడితే పగలక ఏం చేస్తుంది?

కొనే ముందు టెస్ట్

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకో మానిటర్‌కో కలపండి. అక్కడ బొమ్మ బాగా వస్తే గ్రాఫిక్స్ వైపు సమస్య లేనట్టే. సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, సాలెగూడులా పగుళ్లు ఉంటే ప్యానెల్ పోయింది. మూత కదిపినప్పుడు గీతలు వచ్చి పోతుంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి. స్క్రీన్ మొత్తం నల్లగా ఉన్నా, ఫోన్ టార్చ్ వేస్తే బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్ సమస్య.

ప్యానెల్‌ని ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి కొనకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయి. పాతది విప్పి వెనక స్టిక్కర్ మీదున్న నంబర్ చూడండి. అందులో 156 అని ఉంటే సాధారణంగా 15.6 అంగుళాలని అర్థం. సైజు, రిజల్యూషన్, కనెక్టర్ 30 పిన్నా 40 పిన్నా, పక్కన స్క్రూ చెవులు ఉన్నాయా లేవా, ఈ నాలుగూ కలవాలి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోటికి వెళ్లేవాళ్లు పాత ప్యానెల్ పట్టుకెళ్తే చాలు.

విప్పడం

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, కింద మూత విప్పి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. కరెంటు ఉండగా స్క్రీన్ కేబుల్ కదిపితే మదర్‌బోర్డు మీద ఫ్యూజ్ పోవచ్చు. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పేపర్ మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి.

స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్‌ని పాత ఏటీఎం కార్డుతో మెల్లగా లేపాలి. స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. ప్యానెల్ వెనక సాగే టేపులుంటే పక్కకి నెమ్మదిగా లాగాలి. కేబుల్ మీద టేపు, సన్నటి లోహపు క్లిప్పు తీశాక కనెక్టర్‌ని పక్కకి జరపాలి, పైకి పీకకూడదు.

హింజ్ సంగతి

కొత్త ప్యానెల్ పెట్టేముందే ఇది అయిపోవాలి. ఊడిన చోట గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీ, అంటే ఎరాల్డైట్ లాంటిది, కలిపి నట్టుని దాని స్థానంలో కూర్చోబెట్టండి. స్క్రూకి కాస్త గ్రీజు రాసి, హింజ్‌తో సహా బిగించే ఆరనివ్వండి. అప్పుడే నట్లు వరుస తప్పవు. 24 గంటలు ముట్టుకోవద్దు. సూపర్ గ్లూ వాడొద్దు. అది పెళుసు, పైగా దాని ఆవిరి తెల్లటి మరకలు పెడుతుంది. దిమ్మె పూర్తిగా పొడైపోతే ఆ భాగమే మార్చాలి. షాపుల్లో మూత వెనక భాగాన్ని 'ఎ', ఫ్రేమ్‌ని 'బి', కీబోర్డ్ ఉన్నదాన్ని 'సి', అడుగుని 'డి' అంటారు.

చివరగా హింజ్ చివరున్న నట్టుని పావు తిప్పు వదులు చేయండి. మూత పెట్టినచోట ఆగాలి, తెరవడానికి మాత్రం బలం పెట్టాల్సిన పని ఉండకూడదు. ఎంత బాగా అతికించినా ఇది చేయకపోతే మళ్లీ ఊడుతుంది.

ఫ్రేమ్ మూసేముందు కేబుల్, బ్యాటరీ కలిపి ఆన్ చేసి, తెల్లటి పేజీ, నల్లటి పేజీ చూడండి. చుక్కలు, గీతలు లేకపోతే ఆఫ్ చేసి, బ్యాటరీ మళ్లీ ఊడదీసి, అన్నీ బిగించండి.

బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం అక్కడే ఆపండి. గుచ్చుకుంటే మంటలు వస్తాయి, అది తెలిసినవాళ్లు తీయాల్సిందే. గాజు అతికించి వచ్చే టచ్‌స్క్రీన్ కూడా షాపుకే వదిలేయండి. వారంటీ ఉంటే విప్పేముందు అడగండి.

ఇంకా ఏమీ విరగనివాళ్లకి ఖర్చులేని పని ఒకటుంది. మూతని మూల పట్టుకుని కాకుండా మధ్యలో పట్టుకుని తెరవండి. బిగుసుకున్నట్టు అనిపించిన రోజే హింజ్ వదులు చేయించుకుంటే, పైన రాసిందంతా మీకు అవసరమే రాకపోవచ్చు.